గిన్నె చూపించేవారా, ముఖం చూపించేవారా? టీవీ వంటల వ్యాఖ్యాతలపై మీ అభిప్రాయం చెప్పండి

మాంబళం పోపులపెట్టె
ఆదివారం, ఉదయం 10:20

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో పది రోజులుగా తెగని ఒక తగవును మీ ముందు పెడుతున్నాను. మా అత్తగారు నెల్లూరు మనిషి, వయసు ఎనభైకి దగ్గర పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ తెలుగు చానెల్లో వంటల కార్యక్రమం వచ్చినా కదలకుండా కూర్చుని చూస్తారు. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి ఫోను తీస్తే చాలు, అందులో బ్రిటన్ చెఫ్ గోర్డన్ రామ్సే ఎవరో ఒకరిని తిడుతూనే ఉంటాడు. సెలవు రోజుల్లో విజయ్ టీవీ వారి తమిళ వంటల పోటీ ‘కుకు విత్ కోమాళి’ పెట్టిందంటే ఇల్లంతా నవ్వులే. వీరిలో వంట నేర్పుతున్నది ఎవరు, కాలక్షేపం మాత్రమే ఇస్తున్నది ఎవరు, అసలు ఇంత పేరు తెచ్చుకున్న వ్యాఖ్యాతల వల్ల మన వంటింటికి ఒరిగినదేమిటి అన్నది తగవు.

నా మాట ముందే చెప్పేస్తాను. కిందటి దీపావళికి బాగా పేరున్న ఒక వ్యాఖ్యాత చూపించినట్టే, కొలతలన్నీ కాగితం మీద రాసుకుని మరీ మైసూర్‌పాక్ చేశాను. పాకం ఒంటి తీగకు రావడం చూపించారు, శనగపిండి ఉండ కట్టకుండా చల్లడం చూపించారు, కాగిన నెయ్యి గరిటెడు గరిటెడుగా పోస్తుంటే బుసబుస పొంగడమూ చూపించారు. తీరా పొయ్యి మీద నుంచి దించవలసిన ఆ ఒక్క క్షణం వచ్చేసరికి కెమెరా ఆయన ముఖం మీదికి వెళ్ళింది. ఆయన తన చిన్ననాటి దీపావళిని తలచుకుని మురిసిపోయారు. కెమెరా మళ్ళీ కిందికి దిగేసరికి మైసూర్‌పాక్ పళ్ళెంలో ముక్కలై కూర్చుంది. నేను చేసినదాన్ని మాత్రం కత్తి దిగక పచ్చడిబండతో కొట్టవలసి వచ్చింది. పేరు పెరిగేకొద్దీ కెమెరా గిన్నెను వదిలి ముఖాన్ని పట్టుకుంటుందని అప్పటినుంచి నా అభిప్రాయం. మీరేమంటారు?

మైలాపూరు మాష్టారు
ఆదివారం, ఉదయం 11:45

పోపులపెట్టె గారూ, మీ ఫిర్యాదు న్యాయమైనదే గాని, నేరం పేరుప్రతిష్ఠలది కాదని నా మనవి. టీవీ వంటల్లో ఇప్పటికీ అందరూ తలచుకునే జూలియా చైల్డ్‌నే తీసుకోండి. అమెరికాలో బోస్టన్‌లోని ఒక ప్రజా ప్రసార కేంద్రంలో 1963 ఫిబ్రవరిలో ఆమె ‘ది ఫ్రెంచ్ చెఫ్’ కార్యక్రమం మొదలయ్యే నాటికి ఆమె వయసు 50 ఏళ్ళు. ముప్పై ఏడేళ్ళు వచ్చాక పారిస్‌లో వంట బడిలో చేరిన మనిషి ఆమె. ఆ రోజుల్లో టేపును కోసి అతికించడం ఖర్చుతో కూడిన పని కావడం వల్ల కార్యక్రమాన్ని దాదాపు ఆపకుండా చిత్రించేవారు కాబట్టి, పొరపాటు జరిగితే ఆ పొరపాటూ ప్రసారమైపోయేది.

ఒకసారి ఆమె బంగాళాదుంప అట్టును పెనంతో ఎగరేసి తిరగెయ్యబోతే కొంత భాగం పొయ్యి గట్టు మీద పడిపోయింది. ఆమె కంగారు పడలేదు. ఎగరెయ్యవలసినంత ధైర్యంగా ఎగరెయ్యకపోవడమే అది చెదరడానికి కారణమని చెప్పి, పడినదాన్ని చేత్తో ఏరి మళ్ళీ పెనంలో సర్ది, వంటింట్లో మీరొక్కరే ఉన్నప్పుడు చూసేదెవరన్న ధోరణిలో ముందుకు సాగిపోయింది. జనం నోట పడి ఆ అట్టు కాస్తా కోడిగా మారింది, పొయ్యి గట్టు నేలగా మారింది, అది వేరే కథ. నేను ముప్పై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. ప్రయోగం చెడిన రోజున అది ఎందుకు చెడిందో చెప్పగలిగినవాడే ఉపాధ్యాయుడని నా నమ్మకం. ఇప్పటి వ్యాఖ్యాతల వంట ఒక్కనాడైనా చెడగా మీరెవరైనా చూశారా?

ఇక నా ఇల్లాలు ఏ టీవీ చూసీ వంట నేర్చుకోలేదు. మన మద్రాసులోనే ఉండి ఆంధ్రప్రభలో ‘ప్రమదావనం’ శీర్షిక నడిపిన మాలతీ చందూర్ గారి వంటల పుస్తకం మా ఇంట్లో అట్ట ఊడి, నూనె మరకలతో ఇప్పటికీ ఉంది. ఆ మరకలు ఎక్కువగా ఉన్న పేజీని బట్టి మా ఇంట్లో ఏ వంటకం ఎక్కువగా జరిగిందో చెప్పవచ్చు.

రోటిపచ్చడి
ఆదివారం, మధ్యాహ్నం 1:10

మాష్టారి మాటను గౌరవిస్తూనే కొంచెం విభేదిస్తున్నాను. పుస్తకం పట్టుకుని నేర్చుకోవడానికి పక్కన ఒక పెద్దదిక్కు ఉండాలి. నేను ఉద్యోగం కోసం చెన్నై వచ్చి పాత మహాబలిపురం రోడ్డు పక్కన నలుగురం అద్దెకున్న గదిలో చేరినప్పుడు, ‘తగినంత’ అన్న మాటకు అర్థం చెప్పే మనిషి మాకు లేడు. నాకు పప్పుచారు నేర్పింది సంజయ్ తుమ్మ గారు. ‘వాహ్‌చెఫ్’ పేరుతో ఆయన 2007 నుంచీ అంతర్జాలంలో చూపించిన వంటలు మా గదిలో దాదాపు పాఠ్యపుస్తకం. ఆయన కబుర్లు ఎక్కువ చెబుతారనీ, రుచి చూసి కళ్ళు మూసుకోవడం మరీ ఎక్కువనీ మా అమ్మ ఫిర్యాదు. నిజమే, కాని ఆ ఉత్సాహం లేకపోతే రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చినవాడు పొయ్యి వెలిగిస్తాడా?

‘కుకు విత్ కోమాళి’ని కూడా తేలిగ్గా తీసెయ్యవద్దని మనవి. అది 2019 నవంబరులో మొదలైంది. కాస్తో కూస్తో వంట వచ్చిన ఒకరికి ఏమీ రాని ఒక విదూషకుణ్ణి జత చేసి, మొదటి సీజన్లలో దామోదరన్, వెంకటేశ్ భట్ వంటి చేయి తిరిగిన చెఫ్‌లను న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టడం దానిలోని మెలిక. ఏదీ రాని వాడు ధనియాలేవో మిరియాలేవో తెలియక తికమక పడుతుంటే, నాలాంటివాడికి తనను తాను చూసుకున్నట్టుంటుంది. మా గదిలో ఎన్నడూ గరిటె పట్టని ఇద్దరు ఆ కార్యక్రమం చూశాకే వంటగదిలోకి అడుగుపెట్టారు. వాళ్ళు చేసిన మొదటి సాంబారు గురించి మాత్రం ఇక్కడ రాయను.

కోడంబాకం తెరవెనుక
ఆదివారం, సాయంత్రం 6:30

నేను సుమారు పదకొండేళ్ళు వంటల కార్యక్రమాలకు తెరవెనుక వంటమనిషిగా పని చేశాను కాబట్టి, పోపులపెట్టె గారి మైసూర్‌పాక్ రహస్యం నాకు తెలిసినంతవరకు విప్పుతాను.

అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు. అందులో రెండు వంటకాలు, ఒక చిట్కా, ఒక అతిథి. కాబట్టి ఏ వంటకానికైనా మేము ముందే మూడు గిన్నెలు సిద్ధం చేస్తాం: కోసిపెట్టిన సరుకులతో ఒకటి, సగం ఉడికినది ఒకటి, పూర్తయినది ఒకటి. తెర మీద కనిపించే వ్యాఖ్యాత మొదటి గిన్నెలో గరిటె పెట్టి, మూడో గిన్నెలో నుంచి వడ్డిస్తారు. నడుమ జరిగిందంతా మా చేతుల్లోనే జరిగిపోతుంది. ఉల్లిపాయలు ఎర్రగా వేగడానికి మీ ఇంటి పొయ్యి మీద పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుందని మీకు తెలుసు. టీవీలో అవి రెండు మాటలు పూర్తయ్యేలోపు వేగిపోతాయి. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, కాలాన్ని మింగేస్తున్నారు. కాని వంటలో కాలాన్ని మింగేస్తే మిగిలేది సరుకుల జాబితా ఒక్కటే.

ఇక కెమెరా ముఖం మీదికి ఎందుకు వెళుతుందంటే, ఒక గిన్నె తీసి మరో గిన్నె పెట్టేది సరిగ్గా అప్పుడే. మీ మైసూర్‌పాక్ విషయంలోనూ బహుశా అదే జరిగి ఉంటుంది. కదిలిస్తున్న బాణలిని పక్కకు తీసి, ముందే కోసిపెట్టిన పళ్ళెం తెచ్చే ఆ పది సెకన్లు కప్పిపుచ్చడానికి ఆయన చిన్ననాటి దీపావళిని గుర్తు చేసుకోవలసి వచ్చింది. పాపం, ఆయన తప్పేమీ లేదు. నేను చూసినవారిలో ఆ పది సెకన్లలో కూడా ‘ఇప్పుడు బాణలి అంచుల నుంచి నెయ్యి విడివడుతుంది, చూస్తూ ఉండండి’ అని నోటితోనైనా చెప్పినవారు ఒకరిద్దరే. ఆ ఒకరిద్దరి కోసం గిన్నెలు మార్చే మేము కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసేవాళ్ళం.

ఇంకొక్క మాట. చిత్రీకరణ సమయంలో శబ్దం వస్తుందని పొగగొట్టం ఫ్యాను ఆపేస్తారు. మిరపకాయల తాలింపు వేసి, దగ్గు రాకుండా నవ్వుతూ నిలబడడం అందరివల్లా అయ్యే పని కాదు. ఆ ఒక్క విద్యకు మాత్రం ప్రతి వ్యాఖ్యాతకూ నేను దండం పెడతాను.

తిరువాన్మియూరు గరిటె
ఆదివారం, రాత్రి 8:15

తెరవెనుక గారి వివరం చదివాక ఎవరూ ఎత్తని మరో సంగతి అడగాలనిపించింది. మన టీవీలో పాతికేళ్ళుగా నడుస్తున్న ఒక పద్ధతిని గమనించండి. తెల్లకోటు వేసుకుని నిలబడేది హోటలు నుంచి వచ్చిన మగ చెఫ్. పక్కన పట్టుచీర కట్టుకుని, ‘ఎంత కమ్మగా ఉందండీ’ అనడానికి మాత్రమే నోరు తెరిచేది ఆడ యాంకరు. ఇంట్లో మూడు పూటలా వండేది ఎవరో అందరికీ తెలుసు. టీవీలో నిపుణులయ్యేది మాత్రం ఇంకొకరు.

తార్లా దలాల్ గారిని చూడండి. ఆమె ఏ హోటల్లోనూ పని చెయ్యలేదు, ఇంట్లో పాఠాలు చెప్పడంతో మొదలుపెట్టి శాకాహార వంటల పుస్తకం 1974లో వేశారు, 2007లో పద్మశ్రీ అందుకున్నారు. హోటలు చెఫ్ సంజీవ్ కపూర్ గారికి అదే పురస్కారం 2017లో వచ్చింది. మన చెన్నైలోనే మల్లికా బద్రీనాథ్ గారు, కవి కణ్ణదాసన్ గారి కుమార్తె రేవతీ షణ్ముగం గారు ఏళ్ళ తరబడి టీవీలో వంటలు చెప్పారు. రేవతి గారు మాట్లాడే తీరు మా పెద్దమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పినట్టే ఉంటుంది. గొంతు పెంచరు, అనవసరంగా నవ్వరు. ఆ తీరును ఎవరూ వ్యాఖ్యానం అనరు, చెఫ్ అరుపునేమో కళ అంటారు. ఎందుకు?

అన్నానగర్ పాత మాస్టరు
ఆదివారం, రాత్రి 10:05

నేను హోటళ్ళలో పొయ్యి దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడినవాణ్ణి, మొదట గిన్నెలు కడిగి, తరువాత దోసె మాస్టరునై, చివరికి వంటశాల మొత్తం చూసుకున్నాను. కాబట్టి అరుపు గురించి మాట్లాడే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను.

రామ్సే పనితనాన్ని తక్కువ చెయ్యకూడదు. లండన్‌లో తన పేరు మీద ఉన్న భోజనశాలకు ఆయన 2001లో మూడు మిషెలిన్ నక్షత్రాలు, అంటే భోజనశాలలకిచ్చే అత్యున్నత గుర్తింపు, తెచ్చుకున్నాడు. కాని టీవీ ఆయనలో నుంచి ఏరుకున్నది ఆ పనితనాన్ని కాదు, నోటిని. మూతపడబోయే హోటళ్ళను సరిదిద్దే ఆయన కార్యక్రమం బ్రిటన్‌లో 2004లో మొదలైంది. అందులో ఆయన నిదానంగా నడుస్తూ, వంటల పట్టికలో ఎన్ని ఉన్నాయి, సరుకు ఎంత పాడవుతోంది, మేనేజరు ఎందుకు భయపడుతున్నాడు అని ఒక్కొక్కటే విప్పుతాడు. అదే కార్యక్రమాన్ని 2007 నుంచి అమెరికాలో తీసినప్పుడు ఉరుములాంటి సంగీతమూ అరుపులూ పెరిగి, లెక్కలు వెనక్కి పోయాయి. రెండూ చూసిన వాళ్ళకు మనిషి ఒకడేనా అన్న అనుమానం వస్తుంది. పిల్లల మాస్టర్‌చెఫ్ వంటల పోటీలో అదే మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, ఏడుస్తున్న పిల్లవాడికి ధైర్యం చెబుతాడు. అంటే ఎక్కడ అరవాలో ఎక్కడ అరవకూడదో ఆయనకు బాగా తెలుసు.

నా అభ్యంతరం ఒక్కటే. ఆ అరుపులు చూసి పెరిగిన కుర్రవాళ్ళు మా వంటశాలకు పనికి వచ్చి, ఆరు నెలలు తిరగకముందే కింద ఉన్నవాడి మీద అరవడం మొదలుపెట్టారు. పరోటా పిండి పిసకడం రాలేదు గాని గద్దింపు మాత్రం వచ్చింది. నన్ను తిట్టిన మాస్టర్లూ ఉన్నారు, అబద్ధం చెప్పను. కాని ఆ తిట్టును చూడడానికి జనం టిక్కెట్టు కొనలేదు. ఆస్ట్రేలియా మాస్టర్‌చెఫ్‌లో 2009 నుంచి 2019 వరకు కూర్చున్న ముగ్గురు న్యాయనిర్ణేతల తీరు నాకు నచ్చింది. వాళ్ళు పళ్ళెంలో తప్పు చూపించేవారు, మనిషిలో చూపించేవారు కాదు.

నిర్వాహకులు
సోమవారం, ఉదయం 7:00

ఆస్ట్రేలియా, బ్రిటన్ కార్యక్రమాలలో ఏది గొప్ప అన్న విషయం మీద వచ్చిన పద్నాలుగు సందేశాలను వేరే చోటికి మార్చాము. ఇక్కడ వ్యాఖ్యాతల గురించి మాత్రమే రాయగలరు.

మైలాపూరు మాష్టారు
సోమవారం, ఉదయం 9:30

గరిటె గారి ప్రశ్న నన్ను రాత్రంతా వెంటాడింది. సమాధానం నా దగ్గర లేదు, సిగ్గు మాత్రం ఉంది, ఎందుకంటే నేను మొదటి సందేశంలో పుస్తకాన్ని పొగిడాను గాని, ఆ మరకల వెనుక ఉన్న మనిషికి వంట వచ్చునని ఒక్క మాట రాయలేదు.

అయితే సినిమా తారలను తెచ్చి వంటల కార్యక్రమాలకు నిలబెట్టడం గురించి ఎవరైనా మాట్లాడాలి. 2021లో మాస్టర్‌చెఫ్‌ను తమిళంలో సన్ టీవీ వారు విజయ్ సేతుపతి గారితో, తెలుగులో జెమినీ వారు తమన్నా గారితో నడిపారు. తెలుగులో నడుమ ఆమె స్థానంలోకి అనసూయ గారు వచ్చారు. వీరిలో ఎవరినీ నేను తప్పు పట్టను. ఎవరి వృత్తి వారిది. కాని వంట తెలిసిన ముగ్గురు పక్కన ఉండగా నాలుగో మనిషి ఎందుకు?

రోటిపచ్చడి
సోమవారం, మధ్యాహ్నం 12:50

ఎందుకంటే, మాష్టారూ, తెలియని ప్రశ్న అడగడానికి. మీ తరగతిలో అందరికంటే పనికొచ్చిన విద్యార్థి చెయ్యెత్తి ‘అర్థం కాలేదండీ’ అన్నవాడే కదా? ముగ్గురు చెఫ్‌లు తమలో తాము మాట్లాడుకుంటే పారిభాషిక పదాలు పుట్టుకొస్తాయి. వంట రాని ఒక తార ‘అదేమిటి, ఎందుకు అలా చేశారు’ అని అడిగితేనే నాకూ సమాధానం దొరుకుతుంది. ఆ తార అడగకుండా ఊరికే నవ్వి, చీర సవరించుకుని వెళ్ళిపోతే మాత్రం నేనూ మీ పక్షమే.

పైగా నటులందరినీ ఒక గాటన కట్టడం కూడా కుదరదు. మధుర్ జాఫ్రీ గారు నటి. 1965లో వచ్చిన ఒక చిత్రానికి బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటిగా వెండి ఎలుగుబంటి పురస్కారం అందుకున్నారు. లండన్‌లో నాటక విద్య చదువుకునే రోజుల్లో భోజనం సహించక, ఢిల్లీ నుంచి తల్లి రాసే ఉత్తరాలు చూసి వంట నేర్చుకున్నారు. 1982లో బీబీసీలో మన వంటలు చెప్పి బ్రిటన్ వారి చేత వండించినది ఆమే. నటన వచ్చు కాబట్టి కెమెరా ముందు తడబడలేదు; ఉత్తరాల ద్వారా నేర్చుకున్నారు కాబట్టి, రానివాడికి ఎక్కడ అడ్డుపడుతుందో ఆమెకు తెలుసు. వంట మాటలతో నేర్పవచ్చు అన్నదానికి ఆమె తల్లిగారి ఉత్తరాలే సాక్ష్యం కదా.

కోడంబాకం తెరవెనుక
సోమవారం, సాయంత్రం 5:40

రోటిపచ్చడి గారు చెప్పినది నిజం. నేను చూసిన యాంకర్లలో ఒకామెకు నిజంగానే వంట రాదు. రాదన్న సంగతి దాచుకోలేదు కూడా. ‘ఇంగువ ముందా, కరివేపాకు ముందా’ అని ఆమె అడిగిన ప్రశ్నకు చెఫ్ గారు మూడు నిమిషాలు వివరించారు. ఎడిటింగులో ఆ మూడు నిమిషాలూ పోయాయి. వాటి స్థానంలో మసాలా పొట్లం పేరు కెమెరా వైపు తిప్పి పట్టుకున్న దృశ్యం వచ్చింది.

ఇది కూడా చెప్పాలి. సంజీవ్ కపూర్ గారి ‘ఖానా ఖజానా’ 1993లో జీ టీవీలో వచ్చిన నాటికి, హోటల్లో పని చేసే వంటవాడు అందరి ఇళ్ళలోకీ రావడమే ఒక వింత. ఆయన తరువాత 2011లో సొంతంగా ఒక ఆహార చానెలే పెట్టారు. ఇప్పుడు పేరు రాగానే బాణలీలు, మసాలాలు, పచ్చళ్ళు కూడా వ్యాఖ్యాత పేరుతో వస్తాయి. అమ్ముకోవడం తప్పు కాదు. కాని అమ్మవలసిన బాణలి చేతిలో ఉన్నప్పుడు, ‘మీ ఇంట్లో ఉన్న పాత ఇనప మూకుడు దీనికంటే మేలు’ అని ఏ వ్యాఖ్యాత చెప్పగలరు?

తిరువాన్మియూరు గరిటె
సోమవారం, రాత్రి 7:20

చెప్పగలిగిన ఒకావిడ ఉండేవారు, టీవీలో కాదు గాని యూట్యూబ్‌లో. గుంటూరు జిల్లా మస్తానమ్మ గారు. నూరేళ్ళు దాటాయని చెప్పుకునే ఆ వయసులో పొలంలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, పుచ్చకాయ డొప్పలో కోడికూర వండితే ప్రపంచమంతా చూసింది. అల్లం తొక్క గోటితో గీరేవారు. కొలత అడిగేవారు లేరు, చెప్పేవారు కాదు. ఆమె 2018 డిసెంబరులో పోయారు. ఆమె దగ్గర నేర్చుకుని పుచ్చకాయలో కోడికూర నేను వండానా అంటే లేదు. కాని ఆ చేతులు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి, ముఖం కంటే ఎక్కువగా.

మాంబళం పోపులపెట్టె
మంగళవారం, ఉదయం 10:10

మీ అందరి సందేశాలూ మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ అంతా విని, ‘నేను టీవీ శబ్దం తీసేసి చూస్తానని వాళ్ళకు చెప్పలేదా’ అన్నారు. ఇన్నేళ్ళుగా ఆవిడకు చెవుడు వచ్చిందని, శబ్దం తగ్గించినా తెలియడం లేదని మేమనుకుంటున్నాం! మాటలు వింటే చేతులు సరిగా కనబడవట. ఏ వ్యాఖ్యాతకు నిజంగా వంట వచ్చునో గరిటె పట్టుకోవడంలోనే తెలిసిపోతుందని, మా అమ్మాయి చూసే రామ్సే చేపను తిప్పే తీరు బాగుందని, అతను తిడతాడన్న సంగతే తనకు తెలియదని చెప్పారు. మా అమ్మాయి అప్పటినుంచి నవ్వు ఆపడం లేదు.

పాత మాస్టరు గారికి ఒక విన్నపం. ఈ శనివారం మళ్ళీ మైసూర్‌పాక్ పెడుతున్నాను. పావుకిలో శనగపిండికి అరకిలో నెయ్యి సరిపోతుందా? దించడం ఎప్పుడో మీరే చెప్పాలి.

అన్నానగర్ పాత మాస్టరు
మంగళవారం, మధ్యాహ్నం 3:30

సరిపోతుందమ్మా, అయినా ఇంకో వంద గ్రాములు పక్కన ఉంచుకోండి. నెయ్యి వేరే పొయ్యి మీద కాగుతూనే ఉండాలి, చల్లారిన నెయ్యి పొయ్యవద్దు. పొంగు నురుగులా లేచి, నడుమ రంగు కొంచెం ముదిరి, తాగిన నెయ్యిని పిండి మళ్ళీ అంచుల వెంట వదలడం మొదలుపెట్టగానే దించి పళ్ళెంలో పొయ్యండి. ఆ తరువాత మీకు అర నిమిషం కూడా ఉండదు కాబట్టి, పళ్ళేనికి నెయ్యి ముందే రాసి పెట్టుకోండి. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలకవద్దు.